చిలక మింగిన మాటలు

ఆరోన్ చెవికి దొరక్కుండా ఆ ఇంట్లో ఎవరూ ఏ పనీ చేయలేరు. కూరలో ఉప్పు వేయడం మరిచిపోయిన స్టెల్లా చప్పుడు కాకుండా డబ్బా మూత తీసినా, "ఇందాక వెయ్యలేదన్నమాట వదినా" అని వసారాలోంచి కేకేసేవాడు. అన్న సొలొమోను చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటే, కడిగింది రెండు కాళ్ళా ఒకటేనా అన్నది నీళ్ళ చప్పుడును బట్టి చెప్పేవాడు. అందరూ నవ్వుకునేవాళ్ళు. ఆ చెవి తన మీదికి తిరిగేదాకా కృప కూడా నవ్వింది.

కృప సొలొమోను, స్టెల్లాల కూతురు. చల్లపల్లిలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఊళ్ళో బడికి వెళ్ళినన్నాళ్ళూ ఆమె గొంతు ఎలా ఉంటుందో సగం మంది టీచర్లకు తెలియదు. హాజరు పిలిస్తే పలకడానికి బదులు చెయ్యెత్తేది. ఆ గొంతు పూర్తిగా విన్నవాడు బాబాయి ఒక్కడే. ఆరోన్‌కు డిగ్రీలో ఉండగా చూపు తగ్గడం మొదలైంది. బీఈడీ పూర్తయ్యేసరికి వెలుగు ఉందో లేదో తెలియడం తప్ప ఏమీ మిగల్లేదు. పేపరు, మందు సీసా మీది అట్ట, పెళ్ళి శుభలేఖ, ఏదైనా కృపే చదివి వినిపించేది. "నా కళ్ళజోడు కాలేజీకెళ్ళింది, సాయంత్రం గానీ రాదు" అని ఇంటికొచ్చినవాళ్ళతో చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా కృప తలుపు వెనక్కి వెళ్ళి నవ్వుకునేది.

ఇప్పుడు టీచర్ పోస్టుల పరీక్ష దగ్గరపడింది. చూపు లేనివాళ్ళు ఆ పరీక్షకు ఒక సహాయకుణ్ణి వెంట తెచ్చుకోవచ్చు. స్క్రైబ్ అంటారు. కంప్యూటర్ తెర మీద ప్రశ్నను, దాని కింది నాలుగు జవాబులను చదివి వినిపించి, అభ్యర్థి చెప్పినదాని మీద నొక్కడం ఆ మనిషి పని. ఆరోన్ రెండోది అంటే స్క్రైబ్ మూడోదాని మీద నొక్కినా, ఒక జవాబును చదవకుండా దాటేసినా, ఆయనకు తెలిసే దారి లేదు. స్క్రైబ్ చదువు పరీక్ష రాసేవాడి చదువు కంటే తక్కువగా ఉండాలి కాబట్టి ఇంటర్ పిల్ల సరిగ్గా సరిపోతుంది. అది తానేనని ఎవరూ చెప్పకుండానే కృప అనుకుంది. మొన్నమొన్నటి దాకా బాబాయి కూడా అలాగే అనుకున్నాడు.

తేడా వచ్చింది చిలక దగ్గర.

చిలక ఫోన్లో ఉండే ఒక యాప్. తెలుగులో ఏది రాసి ఇచ్చినా గట్టిగా చదివి వినిపిస్తుంది. సాయంత్రాలు కృప గైడ్లు ముందేసుకుని పాఠాలు, బిట్లు బాబాయి ఫోన్లో టైపు చేసేది. మర్నాడు ఆమె కాలేజీలో ఉన్నప్పుడు ఆరోన్ వాటిని చిలక చేత చదివించుకునేవాడు. ఆయన వినే వేగం మామూలు వేగం కాదు. పొయ్యి మీద ఆవాలు చిటపటలాడినట్టు ఉండేది. పక్కన కూర్చున్న శౌరమ్మ, అంటే ఆరోన్ తల్లి, "దానికేదో దయ్యం పట్టిందిరా" అని సిలువ గుర్తు వేసుకునేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వసారా ముందు మినుములు ఎండబోసి ఉన్నాయి. కృప కోళ్ళను అదిలిస్తోంది. ఆవాల చిటపట ఉన్నట్టుండి ఆగింది.

"కృపా, ఇలా రా."

"ఏంటి బాబాయ్?"

"ఇందులో ఎ ఉంది, బి ఉంది, డి ఉంది. సి ఏది?"

ఆమె ఫోన్ తీసుకుంది. ఆ వేగం తనకు అర్థం కాదు కనుక తగ్గించి పెట్టింది. చిలక తీరిగ్గా, పలకా బలపం పట్టిన పంతులమ్మలా నాలుగూ చదివింది. సి కూడా చదివింది.

"ఉంది కదా బాబాయ్."

"ఇప్పుడుంది."

"మొదట్నించీ ఉంది."

ఆరోన్ నవ్వాడు. అది ఆయన మామూలు నవ్వు కాదు. "ఇదేం మొదటిసారి కాదే. మొన్న బి లేదు. అంతకుముందు ఇంకో దాంట్లో డి లేదు. నేను అడిగినప్పుడల్లా ఫోన్ నీ చేతికెళ్తది. నీ చేతికెళ్ళాక చూస్తే ఉంటది. నా చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఉండదు. ఏమనుకోవాలి నేను?"

"నేనేం కలపలేదు బాబాయ్."

"కలిపావన్లేదుగా నేను."

కృపకు కలపలేదని తనంతట తానే అనడం ఎంత పొరపాటో అన్న తర్వాత గానీ తెలియలేదు.

"టీవీ వంక చూత్తా కొడద్దిలే అయ్యా టైపు. ఒక లైను పోద్ది, మళ్ళీ గుర్తొచ్చి అతికిద్ది" అంది శౌరమ్మ, మనవరాలికి సాయం చేస్తున్నాననుకుని.

ఆ రోజు నుంచి ఆరోన్ ఆమె చదివేటప్పుడు తల ఒక పక్కకు వంచి వినడం మొదలుపెట్టాడు. పేపరు చదువుతుంటే, "ఆ లైను పూర్తిగా చదివావా?" అనేవాడు. చదివానంటే, "మళ్ళీ చదువు" అనేవాడు. రెండోసారి చదివింది మొదటిసారిదానితో సరిపోలిందో లేదో పెదాలు కదుపుతూ చూసుకునేవాడు. ఇంకో నాలుగు రోజులకు మైలవరం నుంచి మేనత్త కూతురు ఏంజెల్ ఫోన్ చేసింది. ఏంజెల్ గొంతు స్పీకర్ వేయకుండానే పక్కింటికి వినబడుతుంది.

"మావయ్యా, అమ్మ చెప్పింది. స్క్రైబ్‌గా నేనొస్తా. మన కృప గేటు దగ్గర పోలీసుని చూస్తేనే ఏడుస్తది."

"చూద్దాంలే అమ్మా. పేరు ఇవ్వడానికి ఇంకా టైముంది."

కాదనలేదు. చూద్దాం అన్నాడు. కృప వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని, వంకాయను తరుగుతున్న చెయ్యి ఆపి, ఆ మాటను మళ్ళీ మళ్ళీ విన్నది. బాబాయి తనను అనుమానిస్తున్నాడు. ఆ మాటకొస్తే తనకూ బాబాయి మీద అనుమానం కలిగింది. అంత వేగంలో నిజంగా అన్నీ వినబడతాయా? వినబడక పోయినవాటిని తన మీదికి తోస్తున్నాడా? ఇంటి నుంచి కాలవ గట్టు మీదుగా ఆటో ఎక్కే చోటి వరకూ రోజూ ఇదే ఆలోచన. చివరికి మూడో అనుమానం కలిగింది. తప్పు తనది కాక, బాబాయిది కాక, చిలకదే అయితే?

చిలకలో అట్టడుగున 'తప్పు కనబడిందా? చెప్పండి' అని ఒక బటన్ ఉంది. నొక్కితే ఒక పేజీ తెరుచుకుంది. దాని మీద ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో ఇంగ్లీషులో రాసుకున్న ఫిర్యాదులున్నాయి. ఒకరు రాసింది ఇంకొకరు చూడొచ్చు, జవాబివ్వొచ్చు. చదవగా చదవగా ఆమెకు తెలిసిందేమిటంటే, చిలకకు కంపెనీ లేదు, యజమాని లేడు. దాన్ని నడిపించే కోడ్ అంతా అందరికీ కనబడేటట్టు పెట్టేశారు. తెలిసినవాళ్ళు తీరిక ఉన్నప్పుడు బాగుచేస్తుంటారు. జీతం కూడా ఉండదు.

తెలుగులో రాసుకుని, ఫోన్ చేత ఇంగ్లీషులోకి మార్పించి, పంపింది. క్లాసులో చెయ్యెత్తే పిల్లకు అది సభలో లేచి నిలబడ్డంత పని.

మర్నాడు జవాబు వచ్చింది. రాసినవాళ్ళ పేరు లేదు. పేరుండాల్సిన చోట ఒక నల్లపిల్లి బొమ్మ ఉంది. ఇంగ్లీషు పొడిగా ఉంది. కృప కూడబలుక్కుని చదివితే ఇలా తేలింది. 'ఈ ఫిర్యాదు మెషీన్ రాసినట్టుంది. ఈమధ్య ఇలాంటివి కుప్పలుగా వస్తున్నాయి. నా దగ్గర నాలుగు జవాబులూ సరిగానే చదువుతోంది. మీరు నిజంగా మనిషే అయితే మీ ఫైలు, లాగ్ పంపండి. లేకపోతే మూసేస్తాను.' లాగ్ అంటే యాప్ లోపల ఏమేం జరిగిందో అదే రాసిపెట్టుకునే చిట్టా అని కింద ఎవరో వివరించారు.

రాత్రి అన్నాల దగ్గర ఆమె ఈ సంగతి బయటపెట్టింది. చెప్పకుండా ఉంటే బాగుండేది.

"ఓటీపీ అడిగారా?" అన్నాడు సొలొమోను.

"లేదు నాన్నా."

"అడుగుతారు. మొదట్లోనే అడగరు."

"పేరు చెప్పుకోకుండా పిల్లి బొమ్మ పెట్టుకున్నోళ్ళకి మన ఫోన్లో ఫైలెందుకు?" అంది స్టెల్లా. "చల్లపల్లిలో బట్టల కొట్టాయనకి ఇట్టానే ఒకడు ఫోన్ చేసి, సీబీఐ అని చెప్పి, పొద్దుగూకేదాకా కుర్చీలోంచి లేవనివ్వలేదంట."

"ఎవురిదీ కాని సరుకు ఊరికినే ఎందుకిత్తారే?" అంది శౌరమ్మ. "నీకీ యాప్ ఎక్కిచ్చిందెవురు?"

"బాబాయే."

అందరూ ఆరోన్ వంక తిరిగారు. ఆయన మజ్జిగ కలుపుకుంటున్నాడు.

"నా గురించి ఏం రాశావ్ అందులో?"

"ఏం రాయలేదు బాబాయ్. చిలక మింగుతోందనే రాశా."

"నీ తప్పు కాదని రాశావా?"

కృప కంచం తీసుకుని లేచిపోయింది.

రెండు రోజుల తర్వాత చూస్తే ఆమె ఫిర్యాదు మీద 'మళ్ళీ చేసి చూస్తే కనబడలేదు, మూసివేశాం' అన్న అర్థం వచ్చే ముద్ర ఉంది. కాలేజీ మెట్ల మీద కూర్చుని తన ఫోన్లో అది చదివింది. ఒళ్ళు మండింది. ఇంట్లో ఒకరు నమ్మలేదు సరే, ముఖం తెలియని పిల్లి కూడా నమ్మలేదా? ఈసారి ఇంగ్లీషులోకి మార్చలేదు. ఉన్నది ఉన్నట్టు తెలుగులో కొట్టింది.

'నేను మనిషినే. నా పేరు కృప. మాది చల్లపల్లి దగ్గర. మా బాబాయికి చూపు లేదు. మీ చిలక జవాబులు మింగేస్తోంది. ఆయన నేనే మింగుతున్నానంటున్నాడు. మీరేమో ఎవరూ మింగడం లేదంటున్నారు. మరి అవి ఎక్కడికి పోతున్నాయి?'

ఆటో దిగేలోపు జవాబు వచ్చింది. అదీ తెలుగులో.

'ముందు మీ పేరు, ఊరు తీసెయ్యండి. ఆ పేజీ అందరూ చూసే చోటు, ఇది మాత్రం మీకొక్కరికే విడిగా పంపుతున్నా. ఇప్పుడు చెప్తున్నాను. నా పేరు సబీహా. ఉండేది విజయవాడలోనే. ఆఫీసు పనయ్యాక చిలక తెలుగు గొంతు సంగతి నేను చూసుకుంటాను. అమ్మాయి పేరు కనబడితే పనికిరాని మెసేజీలు పెడతారని పిల్లి బొమ్మ పెట్టుకున్నా. మీరు మొదట పంపింది అచ్చం మెషీన్ రాసినట్టే ఉంది మరి. ఒక్క సంగతి చెప్పండి. మీ బాబాయి గారు వేగం ఎంతలో పెట్టుకుని వింటారు?'

కృప గట్టు మీదే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. తనకూ అడగాలని తోచలేదు. అనుమానం వచ్చినప్పుడల్లా తను చేసిన మొదటి పని వేగం తగ్గించడం.

ఇంటికి వెళుతూనే అడిగింది.

"చివరిదాకా పెడతా. ఎవరడిగారు?" అన్నాడు ఆరోన్.

"సబీహా అని విజయవాడ అక్క. చిలకను చూసుకునేది ఆవిడే."

"మొన్నటిదాకా పిల్లి. ఇవాళ విజయవాడ సబీహా. తెలుగులో రాసిందా?"

"అవును బాబాయ్."

"బాగుంది. మీ కాలేజీలో పిల్లెవరో రాసిపెడుతోందా?"

కృప మాట్లాడలేదు. ఆ మౌనాన్ని కూడా ఆయన చెవి కొలుస్తున్నట్టు అనిపించింది. కాసేపటికి ఆరోన్ ఫోన్ కోసం చెయ్యి చాపాడు.

"నేనే చూస్తా. ఫోన్ ఇటివ్వు. నువ్వు బయటికి నడువు. గుమ్మం దగ్గర కాదు, ఆ కొబ్బరిచెట్టు దాకా పో. అమ్మా, నువ్విలా వచ్చి కూర్చో. సాక్షివి."

"నాకేం తెలుసురా ఆ ఫోన్ల సంగతి?"

"తెలియక్కర్లేదు. నేనేం మాట్లాడతానో విని గుర్తుపెట్టుకో. చాలు."

మాట్లాడితే రాసుకునే సదుపాయం ఫోన్లో ఉంది. ఆరోన్ దాన్ని తెరిచి, పరీక్ష హాల్లో అధికారిలా గొంతు సవరించుకుని, ఒక బిట్టు చెప్పడం మొదలుపెట్టాడు. కృప చెయ్యి తగలని బిట్టు. కొబ్బరిచెట్టు దగ్గరికి కూడా స్పష్టంగా వినబడుతోంది.

"ఈ ఇంట్లో మాటలు మింగుతున్నది ఎవరు? ఎ, మా అమ్మ శౌరమ్మ గారు."

"నన్నెందుకు కలిపావురా అందులో?"

"ఉండమ్మా, అది కూడా ఎక్కేస్తది. బి, మా అన్నయ్య సొలొమోను. సి, కృప. డి, విజయవాడ నుంచి వచ్చిన చిలక."

తర్వాత ఆవాలు చిటపటలాడాయి. ఆగాయి. మళ్ళీ చిటపటలాడాయి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. కోడి ఒకటి మినుముల మీదికి ఎక్కింది. కృప దాన్ని అదిలించలేదు.

"అమ్మా, నేను సి చెప్పానా?"

"చెప్పావుగా. కృప అన్నావు. నాకు కోపం కూడా వచ్చింది."

"మరి అదేది?"

"నన్నడుగుతావేంట్రా?"

"కృపా!" అని కేక వేశాడు. ఆమె పరుగెత్తింది. "దీని వేగం తగ్గించు. దేన్నీ ముట్టుకోవద్దు, వేగం ఒక్కటే." తగ్గించింది. చిలక తీరిగ్గా చదివింది. శౌరమ్మ గారు, సొలొమోను, కృప, చిలక. అందరూ ఉన్నారు. ఆయన ఫోన్ లాక్కుని వేగం పెంచాడు. కృప పోయింది. తగ్గించాడు, వచ్చింది. పెంచాడు, పోయింది. పసిపిల్లాడు లైటు స్విచ్చి వేసి తీసినట్టు అదే పని చేశాడు. ఆఖరికి 'కృప' తీసేసి 'చల్లపల్లి జూనియర్ కాలేజీ కృప' అని చెప్పి చూశాడు. అది పోలేదు.

"పొట్టిగా ఉంటే మింగేస్తందే ఇది! ఒక్క మాట ఉన్న జవాబే పోతోంది. పొడుగైతే పోదు." ఆయన గొంతులో సంతోషం పొంగింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తగ్గింది. చెయ్యి చాపి కృప తల వెతుక్కుని, ఒకసారి తట్టి, వెనక్కి తీసుకున్నాడు.

ఆ బిట్టును, ఆవాల చిటపటను ఉన్నదున్నట్టు రికార్డు చేసి సబీహాకు పంపారు. ఆవిడ ఆ సాయంత్రమే రాసింది. 'దొరికింది. నా ఫోన్లోనూ కృప గారు మాయమైపోయారు. ఆ వేగం నాకు అర్థం కాదు, అందుకని ఎప్పుడూ అందులో పెట్టి చూడలేదు. క్షమించండి. ముందు మాట గాలిలో ఉండగానే తర్వాతి లైను వచ్చి పడుతోంది, మధ్యలో చిన్నది నలిగిపోతోంది. సరిచేస్తాను. సరిచేశాక అన్నీ వస్తున్నాయో లేదో చూడాలి కదా, మీరు టైపు చేసిన అసలు ఫైలు, బాబాయి గారికి ఎక్కడెక్కడ పోయినట్టు అనిపించిందో ఆ చోట్లు పంపండి.'

"పంపు. చోట్లు నాకు నోటికొచ్చు" అన్నాడు ఆరోన్. ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. కృప రాసుకుంటూ పోయింది. చివర్లో ఆయన అన్నాడు. "ఆ, ఇంకోటి. సైకాలజీలో కౌమార దశ. శరీరంలో వచ్చే మార్పులు అయిదు అంటది. వింటే మూడే ఉన్నాయి. అదీ రాయి."

కృప వేళ్ళు ఆగాయి.

ఆ మూడు తర్వాత ఉన్న రెండు చిలక మింగినవి కావు. తనే టైపు చేయలేదు. ఆ రెండింటిలో ఉన్న మాటలు తన వేళ్ళతో కొట్టాలి, మర్నాడు వసారాలో అవి గట్టిగా మోగుతాయి, ఆ వేగంలో ఇంకెవరికీ తెలియకపోయినా బాబాయికి తెలుస్తాయి, పక్కన నాయనమ్మ ఉంటుంది, గేటు దగ్గర పాలాయన ఉంటాడు. ఆ పేజీ దగ్గర చెవులు వేడెక్కి, ఎవరూ చూడకపోయినా గైడు మూసేసి, తర్వాతి పేజీ నుంచి మొదలుపెట్టింది. అది ఎప్పుడో జరిగింది. మరిచిపోయానని అనుకుంది గానీ మరిచిపోలేదు. బాబాయి తన మీద అనుమానపడిన ప్రతిసారీ ఎదురు తిరగకుండా గొంతుకు అడ్డం పడింది అదే.

ఫైలు తెరిచింది. ఆ పాఠం దగ్గరికి వచ్చింది. కొట్టాల్సింది రెండు లైన్లే. బాబాయి ఎదురుగా కూర్చున్నా కనబడదు. సబీహా పాత ఫైలు చూడలేదు. నెపం మిగతావాటితో పాటు చిలక మీదికి పోతుంది. నాలుగో అంశం అని కొట్టింది. ఒక మాట, రెండు మాటలు.

'నీ చేతికెళ్ళాక చూస్తే ఉంటది' అన్న మాట అప్పుడు చెవిలో పడినంత పని అయింది. ఇన్నాళ్ళూ అబద్ధమైన ఆ మాట, ఈ రెండు లైన్లూ పూర్తి చేస్తే నిజమైపోతుంది.

"పంపావా?" అన్నాడు ఆరోన్.

కొట్టినవి చెరిపేసింది. "పంపుతున్నా బాబాయ్." పంపింది.

ఆ తర్వాతి రోజుల్లో ఆమెకు అన్నం సహించలేదు. సబీహా చూడకపోతే బాగుండుననుకుంది. చూస్తే చెప్పకపోతే బాగుండుననుకుంది. శనివారం సాయంత్రం ఆమె కాలేజీ నుంచి వచ్చేసరికి ఆరోన్ వసారాలో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. సబీహా జవాబును చిలక చదువుతోంది, ఆయన వేగంలో. కృపకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చిటపటలు వింటూ ఆయన ముఖాన్ని మాత్రం చూసింది. మొదట పెదాలు విచ్చుకున్నాయి. తర్వాత తల ఊపాడు. చివరికి వచ్చేసరికి తల ఒక పక్కకు వంగింది. అది చూడగానే ఏం చదివిందో ఆమెకు తెలిసిపోయింది.

ఆయన వేగం తగ్గించి, ఫోన్ ఆమె వైపు పెట్టి, ఆ చివరి ముక్కను మళ్ళీ చదివించాడు.

'మీరు చెప్పిన చోట్లన్నిట్లో ఇప్పుడు సరిగ్గా వస్తున్నాయి. ఒక్కటి తప్ప. కౌమార దశలో నాలుగో అంశం, అయిదో అంశం చిలక మింగలేదు. అవి ఫైల్లోనే లేవు. టైపు చేసేటప్పుడు జారిపోయాయేమో చూసుకోండి.'

"జారిపోయాయా?" అన్నాడు ఆరోన్.

సబీహా దారి చూపించే పెట్టింది. ఊఁ అంటే చాలు.

"లేదు బాబాయ్. నేనే వదిలేశా."

"ఎందుకు?"

"నువ్వు వింటావని."

"వినాలనే గదే టైపు కొట్టేది!"

"సిగ్గేసింది" అంది. ఆ మాట తనకే సరిగా వినబడలేదు. ఆయనకు వినబడింది.

శౌరమ్మ అడ్డం వచ్చింది. "ఆడపిల్లరా. అదేం చదువో ఏమో, ఆడపిల్ల చేత…"

"నువ్వుండమ్మా. ఆ బిట్టు పరీక్షలో వచ్చుంటే? మూడే అనుకుని మూడే చెప్పేవాణ్ణి. పోయేది ఎవరి ఉద్యోగం?" ఆయన గొంతు పెంచలేదు. అదే కృపకు ఎక్కువ కష్టంగా ఉంది. "చిలక తెలియక మింగింది. నువ్వు తెలిసి మింగావు."

కృప స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది, ఎవరో ఒకరు ఊరుకోబెట్టేవాళ్ళు. ఇక స్క్రైబ్ మాట ఎత్తే అర్హత తనకు లేదని అర్థమైంది. పేరు ఇవ్వడానికి సోమవారమే ఆఖరు.

ఆరోన్ ఏంజెల్‌ను పిలవమని ఫోన్‌కు నోటితో చెప్పాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"మావయ్యా! ఆధార్ కాపీ పంపమంటావా?"

"పంపుదువుగానీ. ఒకటి చెప్పు. చదివేటప్పుడు నీకు ఇబ్బందైన మాటొస్తే ఏం చేస్తావే?"

"నాకేం ఇబ్బంది? నేనేదైనా చకచకా చదివేస్తా."

"అర్థం కానిదొస్తే?"

"అర్థం కానిదుంటే దాటేసి ముందుకు పోతాలే మావయ్యా. ఆగితే టైమైపోద్ది కదా."

"ఎప్పుడైనా దాటేశావా అట్టా?"

"నేనా? ఎప్పుడూ లేదు! ఎందుకడుగుతున్నావ్?"

"ఊరికే. చేస్తాలే మళ్ళీ."

ఫోన్ పెట్టేసి ఆయన చాలాసేపు కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. లోపల స్టెల్లా దీపపు స్విచ్చి వేసింది. చప్పుడు విని, "అప్పుడే చీకటి పడిందా?" అన్నాడు. తర్వాత, "కృపా, ఉన్నావా?"

"ఉన్నా."

"ఏంజెల్ ఎక్కడ మింగుద్దో నాకు తెలీదు. దానికీ తెలీదు. హాల్లో కూర్చున్నాక తెలుసుకుని ఏం లాభం? నువ్వెక్కడ మింగుతావో నాకిప్పుడు తెలిసింది." గొంతులో మెత్తదనం లేదు. బేరం ఆడుతున్నట్టే ఉంది. "సిగ్గొచ్చే చోట నీ గొంతు సన్నబడుద్ది. అది నేను పట్టుకోగలను. సన్నబడిందంటే అక్కడే ఆపుతా. అందరిలోనూ మళ్ళీ చదవమంటా. చదువుతావా?"

"చదువుతా బాబాయ్."

"గట్టిగా చెప్పు."

"చదువుతా!" అంది. గూటి దగ్గరి కోళ్ళు చెదిరాయి.

"నొక్కిన ప్రతిదీ మళ్ళీ చదవాలి. నాలుగు జవాబులుంటే నాలుగూ లెక్కపెట్టి చెప్పాలి."

"సరే."

"నమ్మి కాదు తీసుకెళ్తంది. అది గుర్తుంచుకో."

"సరే బాబాయ్."

ఆయన పుస్తకాల సంచిలోంచి స్క్రైబ్ కాగితం తీయించాడు. పరీక్ష ఇబ్రహీంపట్నం వైపు ఏదో కాలేజీలో పడిందట, పొద్దున్నే బయల్దేరాలి. ఆ వివరాలు చెబుతూనే ఉన్నాడు. కృప నేల మీద కూర్చుని, పీట మీద కాగితం పెట్టుకుని, తన పేరు, తండ్రి పేరు, చదువుతున్న తరగతి నింపింది.

"అయిందా?"

"అయింది."

"చదువు."

మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. ఆరోన్ తల వంచి విన్నాడు. విని, సరిచూడమని వంటింటి వైపు తిరిగి వదినను పిలవబోయాడు. ఆయన నోరు తెరిచేలోపే కృప కాగితం పట్టుకుని లేచింది.

"అమ్మా, చెయ్యి తుడుచుకుని ఇలా రా. దీన్ని బాబాయికి ఒకసారి చదువు."